బోర్లించిన చాయ్ గ్లాసు

ఆ రోజు పొద్దున బాత్రూంలో రక్తం చూసి, రాత్రి తిన్న బీట్‌రూట్ కూర అనుకున్నాను. మా ఇంట్లో బీట్‌రూట్ వండి నెల దాటిందని నాకు తెలుసు.

నాచారం నుంచి ఎప్పటిలాగే మల్లాపూర్‌లోని వర్క్‌షాపుకు వెళ్లాను. అక్కడ చాయ్ వేళ కథ చెప్పడం నా వంతు. మూసీ మొసలికి గడ్డం గీశానన్నా మావాళ్లు వింటారు. నేను గ్లాసు బోర్లిస్తేనే కథ అయిపోయినట్టు. ఆ రోజు కడుపునొప్పినీ కథ చేశాను.

"నా కడుపుల గూడ్సుబండి పోతున్నది. గార్డుకు నిద్రవట్టింది."

అందరూ నవ్వారు.

రక్తం ఆగకపోయేసరికి వెళ్తే ఉప్పల్‌ ఆస్పత్రిలో కొలనోస్కోపీ, బయాప్సీ చేసి అల్సరేటివ్ కొలైటిస్, అంటే పెద్దపేగు పుండ్లు పడే రోగం అన్నారు. మందులు మొదలయ్యాయి. "మోషన్స్ ఎన్నిసార్లు?" అని డాక్టర్ అడిగితే, "నాకూ బాత్రూంకూ కొత్తగా పెండ్లయింది సార్" అన్నాను. ఆయనా నవ్వాడు. లెక్క మాత్రం నేను చెప్పలేదు.

కొన్ని నెలలకు రక్తం మళ్లీ ఎక్కువైంది. ఒకనాడు కథ మధ్యలో కళ్లు బైర్లు కమ్మి పడిపోయాను. ఎవరూ లేపలేదు. "సూడున్రి, సచ్చినట్టు ఎంత మంచిగ జేస్తుండో" అని నా జతగాడు యాదగిరి అనడం, చప్పట్లు కొట్టడం వినబడ్డాయి. నోరు తెరుద్దామంటే నాలుక కదల్లేదు. వేడి చాయ్ మెడ మీదికి పారినా నేను ఉలకకపోయేసరికి వాళ్లకు భయమేసింది.

ఆస్పత్రిలో రక్తం ఎక్కించి, స్టెరాయిడ్ ఇచ్చి నిలబెట్టారు. తర్వాత ఇంటిగ్రేటివ్ మెడిసిన్ విభాగానికి పంపారు. మందులు ఆపకుండానే తిండి, శ్వాస, మనసు సంగతి కూడా అక్కడ చూస్తారు. సైకాలజిస్ట్ మేడమ్ నా స్వభావం తెలుసుకునే పర్సనాలిటీ అసెస్‌మెంట్ చేస్తూ, "నొప్పి వస్తే ఎవరికి చెప్తారు?" అని అడిగింది.

"నాచారం మొత్తానికి."

"నొప్పి జెప్పడు మేడమ్, కథ జెప్తడు. నవ్వి నవ్వి మేమే మర్సిపోతం" అంది పక్కనున్న నా భార్య సుగుణ. అంటూనే కళ్లు తుడుచుకుంది.

మేడమ్ నవ్వలేదు. "మీకు చుట్టూ మనుషులు ఉండాలి. ఒంటరిగా ధ్యానం చేయమంటే మానేస్తారు, గ్రూపులో చేయండి. కథలూ ఆపొద్దు. నిజమైన నొప్పికి మాత్రం మాటలు లేని గుర్తు ఒకటి పెట్టుకోండి."

ఇంట్లో, వర్క్‌షాపులో అందరికీ చెప్పి గ్లాసునే గుర్తుగా పెట్టుకున్నాం. కథ మధ్యలో బోర్లిస్తే నొప్పి నిజమని.

రోగం పోలేదు. మందులు నడుస్తున్నాయి, భయమూ ఉంది. మొన్న మొసలి కథ మంచి పట్టులో ఉండగా గ్లాసు బోర్లించాను. తర్వాత ఏమైందని ఎవరూ అడగలేదు. యాదగిరి బండి తాళం అందుకుని, "నడువన్నా" అన్నాడు.

మీ ఇంట్లో నవ్వించే మనిషి ఉంటే, ఇలాంటి గుర్తు ఒకటి ఈ రోజే పెట్టుకోండి. కింద పడ్డాక ఆ మనిషికి చెప్పే వీలుండదు. చప్పట్లు మాత్రం వినబడతాయి.