మందార మొగ్గ పరీక్ష

అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్‌లో ఇప్పటికీ, ఒక పాలమూరు అమ్మాయి బాటనీ మేడం పరువు తీసిందని చెప్పుకుంటారు. ఆ మేడంని నేనే. పోయిందో లేదో నన్నడగాలి కదా!

2012లో, జన్యువు మార్చిన పత్తి పాఠం చెబుతున్నాను. సంకర విత్తనం కోసం మొగ్గలోని కేసరాలను ఫోర్సెప్స్‌తో తీసేస్తారన్నాను. వెనక బెంచీలో బొటనవేలు లేచింది. ఆ పాలమూరు అమ్మాయిదే. ఆమె ఎప్పుడూ చెయ్యెత్తదు, పొడుగ్గా గోరు పెంచిన ఆ వేలే ఎత్తుతుంది.

"చిమటాతోని ఎవరు తీస్తరు మేడం? ఎకరం అయ్యేసరికి కాపు అయిపోతది. గోరుతోనే తీస్తం."

అందరూ గొల్లున నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. పత్తి కుటుంబానిదే కదా అని ఆవరణలోని మందార మొగ్గ తెప్పించి, "చేసి చూపించు. తప్పితే ఇక నా క్లాసులో నోరెత్తకు" అన్నాను.

గోరు ఒక్కసారి చుట్టూ తిరిగింది. రేకులూ కేసరాలూ కలిసి ఊడొచ్చాయి. అండాశయం మీది సన్నని కాడ మాత్రం గీత పడకుండా నిలబడింది.

"ఆరో తరగతి నుంచి సీడు పత్తి చేన్ల ఇదే పని మేడం. ల్యాబుల జన్యువు పెట్టినా, పువ్వు పువ్వుకు మా చెయ్యి పడాలె."

చప్పట్లు మొదలుపెట్టింది నేనే. ఆమె నా క్లాసులో కూర్చుందని ఈనాటికీ గొప్పగా చెప్పుకుంటాను. బాటనీలో నాది ఫస్టు క్లాసు. నా చేత ఒక్క మొగ్గనైనా విప్పించకుండా ఆ ఫస్టు క్లాసు ఎలా ఇచ్చారు?