మక్కల తీజ్

తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న ఏళ్ళలో ఒక ఎండాకాలం మా బర్రె పశువుల అంగడి దాకా పోయినంత పనయింది. అది ఎలా ఆగిందో చెప్పాలంటే మా యాడి మొండితనం గురించి చెప్పాలి. యాడి అంటే మా లంబాడీలో అమ్మ, బా అంటే నాన్న. ఇంట్లో మా మాటలన్నీ ఆ భాషలోనే నడిచేవి. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను కాబట్టి కాస్త రుచి తగ్గుతుంది, ఏమీ అనుకోకండి.

మాది నర్సింహులపేట దగ్గర ఒక తండా. నేను మానుకోటలో హాస్టల్లో ఉండి డిగ్రీ ఆఖరి ఏడాది చదువుతున్నాను. చదువుతున్నాను అనడం కొంచెం ఎక్కువే. కాలేజీ తెరిచిన రోజుల కంటే మూసిన రోజులే ఎక్కువ. పొద్దున లేస్తే బంద్, మధ్యాహ్నం రాస్తారోకో, రోడ్డు మీదే వంటావార్పూ. ఎప్పుడో అయిపోవాల్సిన పరీక్షలు ఎండల్లోకి వాయిదా పడ్డాయి. హాస్టల్ ఖాళీ చేయమంటే, నినాదాలు చేసి చేసి గొంతు పోగొట్టుకుని ఇంటికి వచ్చాను. ఆ రోజుల్లో మాకు భయమనేది లేదు. ఇప్పుడు తలుచుకుంటే ఆ పిల్లల్లో నేనూ ఉన్నానా అనిపిస్తుంది, అసూయ కూడా కలుగుతుంది.

ఇంట్లో వేరే లడాయి నడుస్తోంది. బోరు ఎండింది, గడ్డివాము అడుగంటింది, పచ్చిగడ్డి అన్నమాటే లేదు. బర్రె చూస్తే నిండు సూడిది. అది యాడి బర్రె. పుట్టింటి నుంచి దుడ్డెగా తోలుకొచ్చిన దాని బిడ్డకు బిడ్డ. ఎముకలు తేలిన దాని వీపు మీద చెయ్యి వేసి యాడి నిలబడితే, బా మొహం తిప్పుకునేవాడు. ఈనేలోపే చచ్చిపోతే చూడలేనని, అంగడికి తోలుకుపోదామని ఆయన పట్టు.

అంతలో బా బచ్చన్నపేట దిక్కు ఒక పటేలు డెయిరీలో షెడ్డు కట్టే పనికి పోయాడు. అక్కడ మట్టి లేకుండా ట్రేలలో మక్కలు, అంటే మొక్కజొన్నలు, మొలిపించి పశువులకు వేస్తున్నారట. ఆ పటేలు అంచులు విరిగిన పాత ట్రేలు ఇస్తే, బా వాటిని బస్సు మీద వేసుకొచ్చాడు. కొట్టం పక్కన బొంగులతో మెట్లు మెట్లుగా మంచె కట్టి, ఎండ తగలకుండా చుట్టూ పాత చీరలు కట్టాడు.

"గివి మొలిస్తే బర్రె ఉంటది. లేకుంటే అంగడికే, ఇగ నన్ను అడగొద్దు," అన్నాడు యాడితో.

మక్కలు నానబెట్టి, గోనెసంచిలో మూటగట్టి, మొలక పొడవగానే ట్రేలలో పరిచి, పూటపూటకూ బిందెడు నీళ్ళు చల్లితే చాలు. ఎనిమిదో తొమ్మిదో రోజుకు జానెడు పచ్చగడ్డి వస్తుంది. బా చెప్పింది ఇంతే. యాడి తలూపింది. మూట విప్పి మొలకలు పరిచేటప్పటికి మాత్రం నన్ను పిలిచి మగ్గు నా చేతిలో పెట్టింది.

"నువ్వే పొయ్యాలె. నేను ముట్ట."

"ఎందుకు యాడీ?"

"ఎందుకేంది? మొలకలకు నీళ్ళు పెండ్లిగాని పిల్లలే కద పోసేది!"

నాకు నవ్వాగలేదు. శ్రావణంలో మా తండాల్లో తీజ్ పండుగ చేస్తారు. పెళ్ళికాని ఆడపిల్లలు బుట్టల్లో గోధుమలు చల్లి, తొమ్మిది రోజులు నీళ్ళు పోసి, ఆటపాటలతో మొలిపిస్తారు. పెళ్ళయినవాళ్ళు బుట్టల మీద చెయ్యి వెయ్యరు. ఇవి మక్కలని, ఇది పండుగ కాదని, బర్రె మేతని ఎంత చెప్పినా యాడి వినలేదు. తండాలో మిగిలిన పెళ్ళికాని పిల్లలంతా తల్లిదండ్రులతో ఖమ్మం దిక్కు మిరప ఏరడానికి పోయారు. ఉన్నదాన్ని నేనొక్కదాన్నే.

పోస్తూ పాడాలని కూడా షరతు పెట్టింది. నాకేమో తీజ్ పాటలు సగం సగమే వచ్చు, నోటికొచ్చేవన్నీ ఉద్యమం పాటలే. బొంగురు గొంతుతో అవే అందుకున్నాను.

"గివి మొలుస్తయా, ధర్నాకు పోతయా?" అని యాడి కొట్టంలోంచి కేకేసింది.

మొదటిసారి వేసినవి బూజు పట్టి కంపు కొట్టాయి. యాడి నేరుగా బా మీదికి పోయింది. "నువ్వు ముట్టినవు. పెండ్లయినోనివి, బుద్ధి లేదా?" పాపం ఆయన ట్రే వంక పక్కచూపు కూడా చూడలేదు. తప్పు నాదే, మక్కలు మరీ దట్టంగా పరిచాను, ట్రేలు సరిగ్గా కడగలేదు. రెండోసారి పలచగా వేశాను. పొద్దునే చీర తెర పక్కకు జరిపి చూస్తే, తెల్లటి వేళ్ళ మీద లేత పచ్చ నిలబడి ఉండేది. తడి వాసన, కింద బొట్లు బొట్లుగా కారే నీళ్ళ చప్పుడు. చుట్టూ ఊరంతా మాడిపోతుంటే మా కొట్టం పక్కన అంత పచ్చదనం ఉండడం నాకు గర్వంగా ఉండేది. తండావాళ్ళు చూసిపోవడానికి వచ్చేవారు.

తొమ్మిదో రోజు ట్రేలోంచి చాపలా ఊడివచ్చిన గడ్డిని బర్రె ముందు వేయబోతే యాడి అడ్డం నిలబడింది. నాలుగు మొలకలు తుంచి, తీజ్ ఆఖరి రోజున పెద్దల తలపాగాల్లో పెట్టినట్టే బా తలకు చుట్టుకున్న తువ్వాలలో దోపింది. ఆయన సిగ్గుపడుతూ అలాగే నిలబడ్డాడు. అప్పుడు గాని యాడి తప్పుకోలేదు. బర్రె వేళ్ళతో సహా నమిలేసి, మళ్ళీ మూతి చాచింది. యాడి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఆ రోజు నుంచి బా నోట అంగడి మాట రాలేదు.

ఇంతలో పక్కింటి సెల్లుకు నా స్నేహితురాలు ఫోన్ చేసింది. పరీక్షల తేదీలు వచ్చాయి, వెంటనే రమ్మంది. యాడి మొహం వాడిపోయింది.

"మల్ల వాయిదా పడయా?"

"తెలంగాణ వచ్చేటట్టున్నది యాడీ, ఇగ పడయట."

"రావాలె బిడ్డా, ఎందుకు రావొద్దు! గని జర వానలు పడ్డంక రానియ్యి," అంది.

బా పగలబడి నవ్వాడు. నేను వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టాను. పరీక్షలు నెల దాకా సాగుతాయి. నేను పోతే నీళ్ళు పోసేవాళ్ళు లేరు. బర్రె ఈనే రోజులు దగ్గరపడ్డాయి. మేత ఆగితే తల్లీ పిల్లా రెండూ దక్కవు. యాడి ఆ రోజంతా బర్రె పక్కనే కూర్చుని దాని వీపు నిమిరింది. పరీక్ష వచ్చే ఏడు రాసుకోవచ్చులే అని నాకు నేనే చెప్పుకోవడం మొదలుపెట్టాను. నిజానికి ఆమె ఆ మాట అంటుందేమోనని భయంగా ఉంది. అంటే కాదనే ధైర్యం నాకు లేదు.

మర్నాడు పొద్దున నా సంచి గుమ్మంలో ఉంది. పైన గుడ్డలో జొన్నరొట్టెలు.

"పో. రాసి రా."

"మరి నీళ్ళెవరు పోస్తరు?"

"నీకెందుకు? నీ పరీక్షలకు బర్రె వస్తదా?" అని కసిరి లోపలికి పోయింది.

ఇంటి కబురు తెలిసే దారి లేకపోయింది. ఆ సెల్లున్నవాళ్ళు కూడా మిరప కల్లాల్లో పనికి పోయారు. పరీక్ష హాల్లో కూర్చుంటే ఎండిన ట్రేలే కళ్ళ ముందు మెదిలేవి. ఆఖరి పేపరు రాసి, హాస్టల్‌కు కూడా పోకుండా బస్సెక్కాను. తండా మలుపు తిరగగానే మా కొట్టం వైపే చూశాను.

బర్రె ఉంది. దాని పొదుగు కింద దుడ్డె తోక ఆడిస్తూ పాలు తాగుతోంది. నా ప్రాణం లేచి వచ్చింది.

చీరల తెర వెనక ఎవరో కదులుతున్నారు. మిరప పనుల నుంచి ఏ పిల్లో తిరిగొచ్చి ఉంటుందనుకుని తెర పక్కకు జరిపాను. యాడి. మోచేతుల దాకా తడి, చేతిలో మగ్గు, ఎదురుగా నిండుగా పెరిగిన పచ్చ. నన్ను చూసి తప్పు చేసి దొరికినట్టు నిలబడిపోయింది.

"నువ్వే పోస్తున్నవా? మరి ముట్టొద్దంటివి?"

"ఏం జేస్తం మరి. మొలిచినయి గద," అంది. తర్వాత నా వైపు చూడకుండా, మెల్లగా, "పెండ్లయినంక మల్ల గిప్పుడే బిడ్డా. నీకు తెల్వది, మా తండాల నా బుట్టనే అందరికంటే ఏపుగ పెరిగేది," అంది.

యాడి కూడా ఒకప్పుడు పెళ్ళికాని పిల్లేనని, తీజ్ అంటే ఆమెకూ బెంగ ఉంటుందని అప్పటిదాకా నాకు తోచలేదు. సంచి కింద పెట్టి, మిగిలిన ట్రేలకు నీళ్ళు చల్లుదామని మగ్గు కోసం చెయ్యి చాచాను.

యాడి ఇవ్వలేదు.

"నువ్వు కూసో," అంది. "నేను పోస్త."