స్వామి బొమ్మ టేపు

దయ్యాలను నేను నమ్మను. నమ్మేంత తీరిక కూడా లేదు. హఫీజ్‌పేటలో పొద్దున బండి అందుతుందో లేదో అన్న దానికే నా భయమంతా అయిపోతుంది. కాబట్టి ఇది చదివి నాకు వేపమండలతో వైద్యం చేయించాలని ఎవరూ బయలుదేరవద్దు.

నేను పని చేసేది జీడిమెట్లలో ఒక మందుల కంపెనీలో, కంప్యూటరు గదిలో. కంపెనీ మొత్తానికి చల్లగా ఉండేది ఆ ఒక్క గదే. దయ్యానికి బుద్ధుంటే అక్కడికే వస్తుంది. నా పని టేపులు ఎక్కించడం, దించడం. ప్రోగ్రాములు రాసేది శారదగారు. కాకినాడ నుంచి వచ్చారు, ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. మా ఇద్దరి మీద ఇన్‌ఛార్జి యాదగిరి సారు.

యంత్రం వాడాలంటే ఎవరి పేరు, ఎవరి రహస్యపు మాట వాళ్ళు కొట్టాలి. మా గదిలోంచి కొట్టవచ్చు, లేదంటే తీగతో కలిపిన ల్యాబు టైపు మిషను నుంచి కొట్టవచ్చు. ఎవరు లోపలికి వచ్చినా, ఏ ఫైలు తెరిచినా, బయటికి పోయినా మా ముందున్న టైపు మిషను దానంతటదే కాగితం మీద ఇంగ్లీషులో ఒక ముక్క కొడుతుంది.

ఒక మధ్యాహ్నం అది "శారద వచ్చింది" అని కొట్టింది. శారదగారు నా పక్కనే నిలబడి టీ ఊదుకుంటున్నారు. భోజనాల వేళ కాబట్టి ల్యాబుకు తాళం. తాళంచెవి సారు జేబులో. ఆ వచ్చిన శారద మందుల ఫార్ములాల ఫైలు తెరిచింది. వెళ్ళినట్టు మాత్రం మిషను కొట్టలేదు.

"లోపలున్న మీకు గూడ ఇంకో ఛాయ్ చెప్పాల్నా?" అని అడిగాను. ఆవిడ నవ్వలేదు.

మర్నాడూ అంతే. ఆ మర్నాడు సారు వచ్చి ఆ కాగితం చింపి చూశారు.

"నీ రహస్యపు మాట ఎవలకన్న చెప్పినవా అమ్మా?"

"మా అమ్మ మీద ఒట్టండి, ఎవరికీ చెప్పలేదు."

"జర సోంచాయించు, యాది చేస్కో. గీ ఫార్ములాలు బయటికి పోతే అందరం పరేషాన్. ఈ వారంల తేలకుంటే నేను పైకి రాయాలె."

పైకి రాస్తే ఆవిడ ఉద్యోగం ఉండదు. ఆ సంగతి మా ముగ్గురికీ తెలుసు.

ఆవిడ రహస్యపు మాట మార్చేశారు. అయినా శారద వచ్చింది. పేర్లు సరిచూసే ప్రోగ్రాంలో ఎవరో దొడ్డిదారి పెట్టి ఉంటారని ఆవిడకు అనుమానం. డిస్కులన్నీ చెరిపేసి, యంత్రం చేసినవాళ్ళు సీలు వేసి ఇచ్చిన టేపు నుంచి మొత్తం మళ్ళీ ఎక్కించాం. శారద మళ్ళీ వచ్చింది. సారు యంత్రం మీద నిమ్మకాయ పెట్టారు. ఆ చలికి నిమ్మకాయ వడిలిపోయింది, యంత్రానికి ఏమీ కాలేదు.

ఇక్కడ మా ఆచారం ఒకటి చెప్పాలి. ఆయుధపూజకు ఎవరో వేరే కంప్యూటరు సెంటరు నుంచి ఒక టేపు తెచ్చారు. దాన్ని ఎక్కిస్తే ప్రింటరు చుక్కలతో, సున్నాలతో నిలువెత్తు వేంకటేశ్వరస్వామిని అచ్చు వేస్తుంది. ఆ స్వామి లేని ఇల్లు మా కంపెనీలో లేదు. మా ఇంట్లో బియ్యం డబ్బా పైన ఉన్నాడు. అప్పటినుంచి యంత్రాన్ని కొత్తగా సిద్ధం చేసిన ప్రతిసారీ చెప్పులు విడిచి, ముందు స్వామిని అచ్చు వేసి, ఆ తర్వాతే పని మొదలు.

రెండోసారి చెరిపి ఎక్కించినప్పుడు ప్రింటరు కాగితం అయిపోయింది. స్వామి లేకుండానే పని నడిచింది. కాగితం వచ్చేదాకా మిషను బుద్ధిగా ఉంది. కాగితం వచ్చింది, స్వామి వచ్చాడు, భోజనాలు కాగానే శారద వచ్చింది.

"నవ్వకండి. స్వామి వచ్చాకే నేను వస్తున్నానండి," అన్నారు శారదగారు.

"ఏందమ్మా, సామినే అనుమానిస్తవా?" సారు గొంతు లేచింది.

"స్వామిని కాదండి. ఆయన్ని తెచ్చిన బండిని."

ఆ టేపులో ఉన్నదంతా అచ్చు తీసి చదివారు. స్వామి పాదాలు అయిపోయాక, బొమ్మతో ఏ సంబంధమూ లేని నాలుగు ఆదేశాలు కనబడ్డాయి. అవి గుట్టుగా పోయి పేర్లు చూసే ప్రోగ్రాంను మార్చేస్తాయి: ఫలానా మాట ఎవరు కొట్టినా, ఎవరి పేరు మీదైనా లోపలికి వదలమని. మేం యంత్రాన్ని కడగడం, వెంటనే చెప్పులు విడిచి చేతులు జోడించి దాన్ని మళ్ళీ పిలవడం. జరిగిందంతా ఇదే.

ఇంకోసారి అన్నీ చెరిపి సీలు టేపు ఎక్కించాం. అందరి రహస్యపు మాటలూ మార్చాం. ల్యాబు తీగ పీకేశాం. శారద అన్న పేరే తీసేసి ఆవిడకు ఒక నంబరు ఇచ్చాం. స్వామి టేపు చెరుపుదామంటే మాత్రం సారు ఒప్పుకోలేదు. చివరికి ముగ్గురం దుర్గం చెరువు బండల దాకా పోయి నిమజ్జనం చేశాం. కొబ్బరికాయ నేను కొట్టాను. వంకరగా పగిలింది. దానికి నేను అర్థాలు వెతకలేదు.

సారు పైకి రాయలేదు. శారదగారి ఉద్యోగం నిలిచింది. ఇక్కడితో అయిపోతే నేనిది రాసేవాణ్ణి కాదు.

కొన్నాళ్ళకు ఒక మామూలు మధ్యాహ్నం. ల్యాబు తీగ గోడకు వేలాడుతూనే ఉంది. నా చేతులు నా ఒళ్ళోనే ఉన్నాయి. మిషను టకటకమని ఒక ముక్క కొట్టి ఆగింది.

"శారద వెళ్ళింది."

మొత్తం కడిగి ఎక్కించిన యంత్రానికి అంతకుముందు ఎవరు వచ్చారో తెలియదు. ఆ పేరు దాని కడుపులో ఎక్కడా లేదు. రిపేరుకు వచ్చిన ఇంజనీరు అంతా విప్పి చూసి, దుమ్ము అన్నాడు. దుమ్ముకు స్పెల్లింగు వస్తుందని నాకు తెలియదు.

శారదగారు ఆ కాగితం చింపి మడత పెట్టారు. "పోనీలెండి. చెప్పి వెళ్ళింది," అన్నారు.

ఎవరు వచ్చారో, ఇన్నాళ్ళూ లోపల ఏం చేశారో, ఎటు వెళ్ళారో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. దయ్యాలను ఇప్పటికీ నమ్మను. ఆ మధ్యాహ్నం నేను క్యాంటీనుకు మూడు టీలు చెప్పి పంపాను. సారు ఆ రోజు సెలవులో ఉన్నారు.