తలకాయ కూర

"మీ పెద్దమ్మ పాయె బిడ్డా" అని నాన్న ఫోన్‌లో చెప్పాడు. ఆ తర్వాత ఏడుపు తప్ప ఏమీ వినిపించలేదు. జనగామలో రైలెక్కి, మానుకోటలో దిగి, బయ్యారం దగ్గరి మా ఊరు చేరేదాకా నాకు ఒకటే తలపు. పెద్దమ్మ ఎడమచేతికి రెండు వేళ్లు లేవు. వాటిని నరికింది మా నాన్నే.

మా ఇంట్లో క్రిస్మస్ అంటే మేకపోతు. పెదనాన్న, నాన్న కలిసి కోసేవారు. మాంసం రెండిళ్లకూ సమానం, తలకాయ మాత్రం పెద్దింటికి. తాత పెట్టిన రివాజు అది. పెద్దమ్మ దాన్ని మంటమీద కాల్చి, గొడ్డలితో పగలగొట్టి, మసాలా దట్టించి వండేది. మెత్తటి మనిషి కాదు. గారెల పిండి ముట్టుకున్నందుకు గరిటె కాడతో నా చేతిమీద ఒక్కటి వేసి, వెంటనే అదే చేతిలో వేడి గారె పెట్టేది. "ఏడ్సుడు తర్వాత, ముందుగాల తిను" అనేది.

నేను ఏడో తరగతిలో ఉండగా క్రిస్మస్‌కు కోసే మేకను నాన్నే పెంచాడు. "నేను సాదిన మేక. తల నా ఇంటికే పోవాలె" అన్నాడు.

పెదనాన్న నవ్వాడు. "తలకాయ తినేటంత పెద్దోనివి ఎప్పుడైనవ్‌రా?"

ఆ నవ్వుతోనే మొదలైంది. నాన్న తన అన్న గల్లా పట్టుకున్నాడు. పెదనాన్న గుద్దిన గుద్దుకు నాన్న పెదవి చిట్లి, పన్ను ఊడి పడింది. ఇద్దరూ కలబడి పొయ్యిమీద పడితే బగారన్నం గిన్నె మన్నులో బోర్లపడింది. నాన్న మేకను కోసిన కత్తి అందుకున్నాడు. పెదనాన్న మెడమీద పడాల్సిన దెబ్బకు పెద్దమ్మ గారెల పిండి అంటిన ఎడమచెయ్యి అడ్డం పెట్టింది.

చిటికెన వేలు, దాని పక్కది. వాకిట్లో మేక నెత్తురేదో, ఆమె నెత్తురేదో తెలియలేదు. పెదనాన్న గొడ్డలి కోసం లోపలికి ఉరికాడు. ఆమె తెగిన చేతిని కొంగులో చుట్టుకుని గడపలో అడ్డంగా నిలబడింది. "నన్ను నరికి బయటికి పో" అంది. ఆయన గొడ్డలి కింద పడేశాడు.

దవాఖానలో డాక్టర్ అడిగితే "కూర కోస్తుంటే తెగింది" అంది. ఆయన నమ్మలేదు. ఆమె మాట మార్చలేదు.

ఏడాదంతా నాన్న వాళ్ల గడప తొక్కలేదు. మళ్లీ క్రిస్మస్‌కు పెద్దమ్మే తలకాయ కూర గిన్నెతో వచ్చి నాన్న ముందు పెట్టింది.

"తిను."

"నాతోని కాదు వదినా."

మూడువేళ్ల చేతితో ఆయన చెంప పగలగొట్టింది. "నీ పాపం నేను రోజూ మోస్తున్న. ఒక్కపూట బుక్కెడు కూర తినలేవా?" బయటే నిలబడ్డ పెదనాన్ననూ కేకేసి పిలిచింది. ఇద్దరూ ఒకే కంచంలో తిన్నారు. అప్పటినుంచి మా ఇళ్లలో తలకాయకు వాటాల్లేవు. పండుగ రోజు రెండిళ్లకూ ఒకటే పొయ్యి.

నాన్నను ఎలా క్షమించావని పెద్దయ్యాక పెద్దమ్మను అడిగాను. "మాఫ్ జేసిననుకుంటున్నవా? జెయ్యలె. సలికాలం ఈ చెయ్యి గుంజుతది. గుంజినప్పుడల్ల మీ నాయినను తిడత. గని పండుగ కూర తిట్టుకుంట వండొద్దు బిడ్డా" అంది. ఇంత నిజం నాకు ఇంకెవరూ చెప్పలేదు.

సమాధి దగ్గర అన్నదమ్ములిద్దరే గోతిలోకి దిగి పెట్టెను అందుకున్నారు. పెదనాన్న ముందు పైకి వచ్చాడు. నాన్న పెట్టె పక్కనే ఉండిపోయాడు. పెదనాన్న వంగి చెయ్యి అందించాడు. నాన్న పైకి వచ్చాక కూడా ఆ చెయ్యి వదల్లేదు. మోచేతులదాకా ఎర్రమన్నుతో ఇద్దరు ముసలివాళ్లు, జనమంతా వెళ్లిపోయినా, అలాగే నిలబడి ఉన్నారు.