డాక్టరమ్మ గీత గీసిన వాక్యం

మా డాక్టరమ్మ గారు పోయి పదకొండు రోజులైంది. ఆవిడ చివరి పరిశోధన పేపరులో ఒక వాక్యం తేలకుండా ఉంది. దాన్ని నా అంతట నేను తేల్చలేను. అందుకే, మనసుకింకా ఏమీ తోచకపోయినా ఇప్పుడే రాస్తున్నాను.

వార్త తెలిసేసరికి నందిగామ బస్టాండులో ఉన్నాను. ఆసుపత్రి నర్సు ఫోన్ చేసి, "మేడమ్ నిద్రలోనే పోయారంట" అంది. "సరే అక్కా" అన్నాను. జగ్గయ్యపేట బస్సెక్కాను, టికెట్ తీసుకున్నాను, ఆఫీసు గదికెళ్ళి రోజూలాగే కంప్యూటర్ ఆన్ చేసాను. ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాలేదు.

ఆవిడ అంటువ్యాధుల డాక్టరు. పెద్ద ఊళ్ళలో చాలా ఏళ్ళు పనిచేసి జగ్గయ్యపేటలో చిన్న ఆసుపత్రికి వచ్చారు. పొలం పనులకెళ్ళే వాళ్ళ జ్వరాల మీద పేపర్లు రాసేవారు. ముఖ్యంగా స్క్రబ్ టైఫస్ మీద. గడ్డిలో ఉండే, కంటికి ఆనని పురుగు కుడితే వచ్చే జ్వరం అది. ఆ పేపర్లు విదేశీ పత్రికల్లో కూడా అచ్చయ్యాయి. రోగుల వివరాలు కంప్యూటర్లో ఎక్కించే పని నాది. మా ఇంట్లో బడికెళ్ళిన మొదటి మనిషిని నేనే. ఇంగ్లీషు పేపరు చదవడం ఆవిడ పక్కన కూర్చునే నేర్చుకున్నాను.

ఒకసారి కూలికెళ్ళే మా అమ్మకీ ఆ జ్వరం వచ్చింది. నయమయ్యాక డాక్టరమ్మ అచ్చయిన తన పేపరొకటి తెలుగులో చెప్పి వినిపించారు. "అవగాహన లేక రోగులు ఆలస్యంగా వస్తున్నారు" అన్న చోట అమ్మ ఆపింది.

"ట్రాక్టరు తెల్లారకముందే వచ్చిద్దండి. మళ్ళీ దిగేసరికి మీ ఓపీకి తాళం. అవగాహన ఎవరికి లేదండీ, మాకా మీకా?"

"అమ్మా, ఊరుకో" అన్నాను.

"నువ్వూరుకో" అన్నారు డాక్టరమ్మ నన్ను.

ఆ వారమే పత్రికకి సవరణ పంపారు. ఓపీ సాయంత్రం కూడా పెట్టారు. అప్పట్నుంచి ఏ పేపరైనా పంపేముందు, ఎవరి జ్వరం గురించి రాసారో వాళ్ళ ఊరెళ్ళి చదివి వినిపించేవారు. వాళ్ళు కాదన్నది కొట్టేసేవారు.

"ఇవన్నీ ఎవరు చదువుతారండీ?" అని చందర్లపాడులో ఒకామె అడిగింది.

"మహా అయితే నలుగురు తల్లీ. అందులో ఇద్దరు తప్పులు పట్టడానికే."

"మరి మేం కూర్చున్నదీ అందుకే గదండీ!"

అందరికంటే డాక్టరమ్మే గట్టిగా నవ్వారు.

తన పేపర్ల జాబితాలో ఆ సవరణకి విడిగా ఒక వరస పెట్టించారు. "తప్పు చేసినట్టు కనపడుద్ది మేడమ్" అన్నాను. "చేసాం కదమ్మా" అన్నారు. మొన్న సంతాప సభకి జాబితా అడిగారు. ఆ వరస తీయకుండానే పంపాను.

చివరి పేపరు సంగతి ఇది. పురుగు కుట్టిన చోట, ఎక్కువగా బట్టల మాటున, కాలినట్టు నల్లటి మచ్చ పడుతుంది. అది చూస్తే ఏ జ్వరమో తొందరగా తేలుతుంది. వత్సవాయి వైపు నుంచి వచ్చిన ఆడవాళ్ళలో చాలామంది దాని గురించి ముందు చెప్పలేదు. "సిగ్గు వల్ల చెప్పలేదు" అని రాసాను. మా అమ్మ కడుపున పుట్టి కూడా నేనే రాసాను. ఆవిడ దాని కింద గీత గీసి, పక్కన "వాళ్ళన్నారా, నువ్వనుకున్నావా? అడుగుదాం" అని రాసారు. వత్సవాయి వెళ్ళాలనుకున్న వారంలోనే పోయారు.

పేపరు నెలాఖరుకి పత్రికకి పంపాలి. వాక్యం అలాగే ఉంచినా ఎవరూ పట్టుకోరు. కానీ అది చదివిన డాక్టరు సిగ్గే కారణమనుకుని ఊరుకుంటే, ఇంకొకరి మచ్చ కూడా కనపడకుండా పోతుంది. అందుకే చెరిపేసాను. ఆ చోటు ఇప్పుడు తెల్లగా ఉంది.

అప్పుడు వత్సవాయి వైపు నుంచి జ్వరంతో మా దగ్గరికొచ్చిన అక్కలూ, పిన్నులూ మీ ఇంట్లో ఉంటే, వీధిలో ఉంటే, దయచేసి ఇది చదివి వినిపించండి. ఎందుకు చెప్పలేదు? సిగ్గా? కుట్టిన సంగతే తెలియకా? మేం అడగలేదా? మీ పేరు ఎక్కడా రాయను. ఈ నెల ఇరవై అయిదో తారీఖులోగా మీ ఊరి ఆశా వర్కరుతో కబురు పంపండి. నేనే మీ ఇంటికొస్తాను. మీరు ఏ మాట అంటే ఆ మాటే రాస్తాను.