పదకొండు ఇళ్ళ జున్నుపాలు

మెదక్‌లో మా వాడలో ఎవరింట్లో జున్ను వండినా నాకు ముందే తెలిసిపోతుంది. బెల్లం, యాలకులు, మిరియాలు కలిసిన ఆ ఆవిరి గోడ దాటి వస్తుంది. నేను లేచి కిటికీ మూసేస్తాను. ఇంట్లో వాళ్ళతో నాకు జున్ను పడదని చెప్పాను. అది అబద్ధం. పెళ్ళికి ముందు గిన్నె అడుగు గీకి మరీ తినేదాన్ని.

నేను కోడలిగా వచ్చేనాటికి ఇంటి వెనక కొట్టంలో ఒక జెర్సీ ఆవు ఉండేది. పేరుకు ఇంటి ఆవు గానీ, నిజానికి అది మా అత్తమ్మ ఆవు. ఆమె గొంతు వింటేనే తల తిప్పేది. మేమంతా దాని లెక్కలోనే లేము. మా ఆయన పొద్దున్నే బస్టాండు దగ్గరి ఎలక్ట్రికల్ షాపుకు వెళ్ళిపోయేవారు. పాలు పిండడం అత్తమ్మే నాకు నేర్పింది.

నేను వచ్చాక ఆవు మొదటిసారి ఈనినప్పుడు అత్తమ్మ వాడంతా చాయ్ గ్లాసుల్లో జున్నుపాలు పంపింది. ఎదురింటి దర్జీ భార్య నవ్వుతూ, "మస్తు పంపిండ్రు పెద్దమ్మా, పెదవులు తడిసినయి," అంది. అత్తమ్మ కూడా నవ్వేసింది. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. అంత పెద్ద ఆవు కట్టేసి ఉంటే మాకు ఈ పిసినారి పేరు ఎందుకు అనుకున్నాను. కోపం నాకు ముక్కు మీదే ఉంటుంది. వచ్చే ఈతకు చూపిస్తానని ఆ రోజే మనసులో పెట్టుకున్నాను.

ఆ ఈత రానే వచ్చింది. అత్తమ్మ ముందు రోజు సాయంత్రం నుంచి కన్ను మూయకుండా ఆవు దగ్గరే కూర్చుంది. తెల్లవారి ఆడదూడ పుట్టింది. పది గంటలకల్లా మాయ పడిపోయింది. కుక్కలు ముట్టకుండా ఆమే దాన్ని గుంత తీసి పాతిపెట్టి, స్నానం చేసి వచ్చి, ఇక కూర్చోలేక నడుం వాల్చింది. పడుకునే ముందు నన్ను పిలిచి చెప్పింది.

"సగమే పిండు బిడ్డా. మిగిలినయి పొదుగులనే ఉండనియ్యి. మొదటి రోజు అంతా పిండితే ఆవు కమ్జోర్ అయితది."

సరే అన్నాను. కొట్టంలో కూర్చుని ఇళ్ళు లెక్కపెట్టుకున్నాను. పదకొండు. సగం బకెట్ అయ్యాక చెయ్యి ఆపాల్సిన చోటు నాకు స్పష్టంగా తెలుసు. ఆపలేదు. దూడ తాగేసింది కదా, ఇంకెవరి కోసం దాచాలి అనుకున్నాను. పసుపు కలిపినట్టున్న చిక్కటి పాలు, చివరి ధార దాకా పిండాను. ఆవు ఒక్కసారి వెనక్కి తిరిగి నన్ను చూసింది. ఇన్నాళ్ళకు నన్ను లెక్క చేసిందని మురిసిపోయాను.

పదకొండు ఇళ్ళకూ గిన్నెలు నింపి నేనే పంచి వచ్చాను. దర్జీ ఇంటికి అన్నిటికన్నా పెద్దది.

రెండు గంటలప్పుడు కొట్టంలోకి వెళ్తే ఆవు వెనక కాళ్ళు వణుకుతున్నాయి. అది ఏ జబ్బో నాకు తెలియదు. కానీ తప్పు నాదేనని మాత్రం కాళ్ళు చూడగానే తెలిసింది. అత్తమ్మను లేపితే ఆమె ముందు పొదుగే చూస్తుంది. అందుకని ఆవు మీద ఒక గోనెపట్టా కప్పి, లోపలికి వచ్చి మా ఇంటి జున్నుకు బెల్లం దంచుతూ కూర్చున్నాను. ఎంత పిండానన్నది ఒక తప్పు. ఆ తర్వాత ఆమెను లేపకుండా కూర్చున్న రెండు గంటలు ఇంకో తప్పు. మొదటిదాన్ని తెలియనితనం అనుకోవచ్చేమో, రెండోదానికి నా దగ్గర పేరు లేదు.

నాలుగింటికి అత్తమ్మ లేచి నేరుగా కొట్టంలోకి వెళ్ళింది. ఆమె కేక విని పరుగెత్తాను. ఆవు కూలబడి ఉంది. మెడ వెనక్కి మడిచి తలను డొక్కకు ఆనించుకుంది. చెవులు పట్టుకుంటే చల్లగా ఉన్నాయి. షాపు నుంచి పరుగెత్తుకొచ్చిన మా ఆయన ఫోన్ చేస్తే పశువుల డాక్టర్ శివ్వంపేట వైపు ఎక్కడో ఉన్నారు. ఆయన వచ్చేసరికి ఇంకో గంట పట్టింది. వస్తూనే కాల్షియం బాటిల్ నరానికి ఎక్కించడం మొదలుపెట్టారు.

సరిగ్గా అప్పుడే దర్జీ భార్య గిన్నె తిరిగి ఇవ్వడానికి వచ్చి, సంగతి తెలియక గేటు దగ్గరి నుంచే, "ఈసారి జున్ను మస్తుగుంది వదినా!" అని కేకేసింది.

డాక్టర్ తలెత్తి అడిగారు. "మొత్తం పిండిన్రా? పాలెక్కువుండే ఆవులకు ఈనంగనే ఒంట్ల కాల్షియం పడిపోతది. అంతా పిండితే ఇంకింత పడిపోతది. ఎవరు పిండిన్రు?"

నేను నోరు తెరిచేలోపే అత్తమ్మ అంది. "నేనే పిండిన సారూ."

నేను నోరు మూసుకున్నాను. "జర ముందుగాల పిలిస్తే లేస్తుండెనేమో," అన్నారు డాక్టర్. బాటిల్ సగం కూడా కాకముందే ఆవు పోయింది.

మా ఆయన తల్లిని ఎన్నడూ ఒక మాట అనని మనిషి. ఆ రోజు అన్నారు. "అమ్మా, ఇగ నువ్వు కొట్టం దిక్కు రాకు."

దూడను సీసా పాలతో నేనే పెంచాను. అత్తమ్మ వెనక తలుపు గడప మీద కూర్చుని చూసేది, గడప దాటేది కాదు. చిన్నప్పటి నుంచి పశువుల మధ్యే బతికిన మనిషి. దూడ ఆమె గొంతు విని అరిచినా లేచేది కాదు. ఒకరోజు ధైర్యం చేసి, "అత్తమ్మా, ఆ రోజు పాలు..." అని మొదలుపెట్టాను. "పొయ్యి మీద ఏదో మాడుతుంది, చూడు పో," అంది. వెళ్ళి చూస్తే పొయ్యి వెలిగించే లేదు. మళ్ళీ ఆ మాట ఎత్తడానికి నాకు నోరు రాలేదు.

ఇప్పటికీ మధ్యాహ్నం పూట ఇంట్లో ఎవరైనా మెడ ఒక పక్కకు మడుచుకుని నిద్రపోతే చూడలేను. లేపేస్తాను. చెవులు ముట్టుకుని చూస్తాను. పిల్లలు నాకు పిచ్చి అంటారు.

నిరుడు అత్తమ్మ పోయింది. పదోనాడు ఆడవాళ్ళమంతా చాప మీద కూర్చున్నాం. దర్జీ భార్య కళ్ళు తుడుచుకుంటూ, "పశువుల సంగతి ఆమెకు తెలిసినంత ఎవ్వరికి తెల్వది. గా ఆవు కాడ ఒక్కసారే తప్పు చేసింది పాపం," అంది.

నాలో ఏదో తెగింది. "ఆమె కాదు, నేను. నేనే పిండిన. నేనే చంపిన," అని గట్టిగా అనేశాను. వాకిట్లో మగవాళ్ళు కూడా ఇటు తిరిగారు. మా ఆయన నా వైపే చూస్తున్నారు.

దర్జీ భార్య నన్ను దగ్గరికి లాక్కుని వీపు నిమిరింది. "ఊకో వదినా, ఊకో. అత్త మీద మాట పడనిస్తలేదు చూసిన్రా? ఎంత మంచి మనసు!" అంది అందరితో. మా ఆయన కళ్ళు తుడుచుకున్నారు. నేను మళ్ళీ చెప్పాను. ఎంత గట్టిగా చెబితే అంత జాలిగా తలలూపారు.

ఆ రోజు నుంచి మా వాడలో అత్తలందరూ కోడళ్ళకు నన్నే చూపించి బుద్ధి చెబుతున్నారు.