చేను పక్కన బోరుబండి

మా కుందుర్పి వైపు బోరుబండి చప్పుడు వినబడితే ఇంట్లో ఎవరూ ఉండరు. వేయించిన మూడు బోర్లూ ఎండిపోయిన మా నాయనైతే టెంకాయ పట్టుకుని మరీ పోతాడు. నిరుడు ఎండాకాలం మా చేను పక్క బీడులో బండి దిగినప్పుడూ అంతే. ఎవరు వేయిస్తున్నారని కూడా అడగలేదు. టెంకాయ కొట్టి, బండి పక్కనే గొంతుక్కూర్చున్నాడు.

మధ్యాహ్నానికి బోరులోంచి బురద పైకి వచ్చింది. నాయన దాన్ని పిడికిట్లో పిండి చూసి, "నీళ్లు పడినాయి, రాండప్పా!" అని కేకేశాడు. నేనూ పరిగెత్తాను.

బండి మనిషి ఇబ్బందిపడుతూ వెనకున్న ట్యాంకర్ చూపించాడు. "అవి మేం పోసిన నీళ్లే పెద్దాయనా. మాకు కావాల్సింది రాయి. దాంట్లో యురేనియం ఉండాదేమో చూస్తాండాం. కరెంటు తయారుచేసే అణు రియాక్టర్లకు అదే ఇంధనం."

పక్కన రేకు పెట్టెల్లో, బోరులోంచి కోసి తీసిన గుండ్రటి రాతి ముక్కలు వరసగా పేర్చి ఉన్నాయి. నాకు ఒళ్లు మండింది. తాగడానికి ట్యాంకర్ రాని ఊళ్లో రాయి కోయడానికి ట్యాంకర్!

"అది దొరికితే మా చేన్లు ఏమవుతాయప్పా?" అని అడిగాను.

"నాకు తెలీదన్నా."

నాయన బురద చేతిని పంచెకు తుడుచుకోబోయి ఆగిపోయాడు. ఆ చేతిని ఒంటికి దూరంగా పట్టుకునే ఇంటిదాకా నడిచాడు. బోరుబండి కనబడితే చాలు, నీళ్లు పడాలని మొక్కే మనిషి, దారి పొడుగునా గొణుగుతూనే ఉన్నాడు: "ఈడ ఏమీ పడకూడదు సామీ."